ఏడో మహారాణి నాణెం

సత్యదుర్గకు ఈ లోకంలో అన్నిటికన్నా ఎక్కువ భయం ఒక్కటే... నిద్రలో కూతురి ఊపిరి ఆగిపోతుందేమోనని! రెండేళ్ళ దుర్గాశ్రీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకోకుండా ఆమె ఏనాడూ కన్ను మూసి ఎరగదు.

ఆ భయమే ఆమెను కార్తీక అమావాస్యనాడు, సరిగ్గా మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలకు, రాజబాబు ఇంటి గుమ్మంలో నిలబెట్టింది.

పట్టపగలే కటిక చీకటి! సముద్రం మీంచి లేచిన కారుమేఘాలు అల్లవరం మీదికొచ్చి సూర్యబింబాన్ని మింగేశాయి. ఫెళఫెళమని ఉరుములు... కరెంటు పోయి రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే చక్రాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఉరుముకీ ఉరుముకీ నడుమ భీకర నిశ్శబ్దంలో, కొబ్బరిచెట్టు మొవ్వులోంచి గుడ్లగూబ కూసింది... పగటిపూట!

అంతా ఒక వెండి బిళ్ళతో మొదలైంది. భర్త నాగసతీష్ కొత్త చెరువు తవ్విస్తుంటే మట్టిలో దొరికింది. ఏ కాలంలోనో ఎవరో చిల్లు వేసి మెడలో కట్టుకున్నదే. ఒకవైపు అలలు అలలుగా జుట్టు దువ్వి కొప్పు పెట్టిన ఎవరో రాణిగారి ముఖం. రెండోవైపు, రెండు చంకల్లో ఇద్దరు బిడ్డలతో, కాళ్ళ దగ్గర మరో ఇద్దరితో నిలబడ్డ ఆడమనిషి. పిల్లల తల్లి కదా, చల్లగా చూస్తుందనుకుని సత్యదుర్గ దాన్ని కూతురి మొలతాడుకు కట్టింది. నాగసతీష్ మురిసిపోయి ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. అదే కొంప ముంచింది!

మర్నాడే రాజబాబు వచ్చాడు. పాత నాణేలు పోగుచేసే మనిషిగా ఊళ్ళో అందరికీ తెలిసినవాడే. అందులోనూ రోము రాజ్యపు మహారాణుల బొమ్మలున్న వెండి నాణేలంటే ఆయనకు పిచ్చి. అమ్మనంది సత్యదుర్గ.

"ఆయ్... పర్లేదండి. అమావాస్యకి మీరే తెస్తారు లెండి," అని నవ్వి, పాప తల నిమిరి వెళ్ళాడు.

ఆ సాయంత్రమే పాపకు జ్వరం తగిలింది. అమలాపురంలో ఇద్దరు డాక్టర్లకు చూపిస్తే ఏమీ లేదన్నారు. మొలతాడు విప్పబోతే ముడి ఊడలేదు... కత్తెరకు తెగలేదు! ఈ ఉదయం నుంచి ఊపిరి ఆగి ఆగి వస్తోంది. చెరువు గట్టు తెగిందని నాగసతీష్ అటు పరుగెత్తగానే, సత్యదుర్గ పిల్లను భుజాన వేసుకుని ఇటు పరుగెత్తింది.

"రండమ్మా, రండి! తడిసిపోయేరు. టీ తాగుతారా అండి?" రాజబాబు ఎదురొచ్చాడు.

"బిళ్ళ తీసేసుకోండి రాజబాబు గారూ! నా పిల్లని వదిలెయ్యండి!"

"అయ్యో... ఉత్త బిళ్ళ నేనేం చేసుకుంటానండి?"

నట్టింట రక్తవర్ణపు ముగ్గు... దాని నడుమ నరకపాలం! చుట్టూ ఆరు వెండి నాణేల మీద ఆరుగురు మహారాణుల ముఖాలు. పక్కనే జుట్టు విరబోసుకుని రాజబాబు భార్య రత్నమాల. కళ్ళు తెరిచే ఉన్నాయి, వాటిలో చూపు లేదు. ఆ ఒక్క గొంతులోంచి ఆరు గొంతులు, ఏ దేశానిదో తెలియని భాషలో, ఒకేసారి గొణుగుతున్నాయి!

"మా ఆవిడేనండి. ఆరుగురి కాపరమూ ఆవిడ ఒంట్లోనే. మొదటి రాణికి మా పిల్లాణ్ణే ఇచ్చేను. మిగతావాళ్ళు మేకపోతులతో సరిపెట్టుకున్నారు." రాజబాబు తాపీగా వక్కపలుకు నోట్లో వేసుకున్నాడు. "వీళ్ళ మొగుళ్ళు దేశాల్ని ఏలితే, వీళ్ళు మొగుళ్ళని ఏలేరండి. వీళ్ళని నేనేలతాను! మీ దగ్గరున్న ఏడో ఆవిడ అందర్లోకీ పెద్ద శక్తి. పన్నెండుమందికి పైనే కందంట, సగంమంది పోయేరంట. బిడ్డల ప్రాణాల రుచి మరిగిన తల్లండి! అందుకే పిల్ల ఊపిరి ఆగితేనేగానీ ఆ బిళ్ళ ఊడి రాదు."

"నీ చేతులు పడిపోనూ!" సత్యదుర్గ వెనుదిరిగింది. తలుపులు ధడాలున మూసుకున్నాయి! ఆమె కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. రాజబాబు పిల్లను లాక్కుని ముగ్గులో పడుకోబెట్టాడు.

"హ్రీం... క్రోం... ఫట్!"

దుర్గాశ్రీ ఛాతీ లేచింది... పడింది... మళ్ళీ లేవలేదు! మొలతాడు దానంతటదే తెగింది. సత్యదుర్గ కేకకు ఇంటి పెంకులు అదిరాయి. రాజబాబు వికటాట్టహాసం చేస్తూ నాణేన్ని కపాలం నుదుట పెట్టాడు.

ఆరు గొంతులూ టక్కున ఆగిపోయాయి!

రత్నమాల లేచి నిలబడింది. ఆమె నాణెం వైపు చూడలేదు. ముగ్గులో కదలకుండా పడి ఉన్న పసిదాన్ని చూసింది. ఆ కళ్ళ నిండా నీళ్ళు...

"బిడ్డనా... నాకు ఆహారంగా పెట్టింది?"

ఆ మాట రెండువేల ఏళ్ళ కిందటి మహారాణిదో, కొడుకును పోగొట్టుకున్న రత్నమాలదో చెప్పలేం. రెండు కడుపుకోతలు ఒకే గొంతులో గర్జించాయి!

"ఎంతమందిని మట్టిలో పెట్టానో లెక్కపెట్టావు... ఎలా ఏడ్చానో వినలేదురా!"

కపాలం ఫటేలున పగిలింది! ఆరు నాణేలూ నిప్పుకణికల్లా ఎర్రబడి గాల్లోకి లేచాయి. ఒకటి రాజబాబు నుదుట, ఒకటి గొంతున, మిగతావి గుండెల మీద... చుయ్యిమంటూ అతుక్కున్నాయి!

"తల్లీ! తప్పయిపోయిందండీ! వదిలెయ్యండీ!"

కళ్ళు జిగేల్‌మనేలా మెరుపు మెరిసి, కప్పు చీల్చుకుని పిడుగు పడింది. మాంత్రికుడు నిలువునా మాడిపోయాడు!

రత్నమాల పసిదాన్ని గుండెకు హత్తుకుని నుదుటి మీద ఊపిరి ఊదింది. దుర్గాశ్రీ ఒక్కసారి దగ్గి... కెవ్వుమంది. కాళ్ళు విడిపడిన సత్యదుర్గ పరుగున వచ్చి చేతులు చాచింది. రత్నమాల పట్టు బిగిసింది.

"అక్కా... అది నా పిల్ల అక్కా. ఇచ్చెయ్యి..."

ఎంతసేపటికో ఒక్కొక్క వేలూ విడింది. "పట్టుకుపో... తొందరగా! ఇంకాసేపుంటే ఇవ్వలేను!"

పిడుగుపాటు అని కాగితాల్లో రాసుకుని పోలీసులు వెళ్ళిపోయారు. శవం మీద ఆరుచోట్ల మహారాణుల ముఖాలు, కొప్పులతో సహా, అచ్చుగుద్దినట్టు ఉన్నాయని మోసినవాళ్ళు చెప్పుకున్నారు. పగిలిన కపాలం మీది ఏడో నాణెం మాత్రం, ఎప్పుడు కట్టుకుందో, రత్నమాల మెడలో ఉంది.

సత్యదుర్గ రోజూ ఆమెకు క్యారేజీ కట్టి పంపుతుంది. నాగసతీష్ దాన్ని గోడ మీద పెట్టి వచ్చేస్తాడు. తన బిడ్డకు ప్రాణం పోసిన మనిషిని ఒక్కసారైనా పలకరించాలని సత్యదుర్గకూ ఉంటుంది. కానీ బిగిసిన ఆ చేతులు గుర్తొచ్చి, వీధి మలుపు దగ్గరే కాళ్ళు ఆగిపోతాయి.

మీరెవరైనా అల్లవరం వైపు వెళితే, చెరువుల చివరనున్న పెంకుటింటికి వెళ్ళి రత్నమాల తిన్నదో లేదో ఒక్కసారి చూసి రండి. పిల్లల్ని మాత్రం వెంట తీసుకెళ్ళకండి!