నారుకుళ్లు

అంగారకుడి మీది అరుణపురంలో తెల్లవారిందంటే సూర్యుడొచ్చాడని కాదు, గాజుగోపురం కింద దీపాలు వెలిగాయని. దీపాలు వెలగగానే ప్రతి ఇంటి ముందుగదిలోనూ మొలకదాది గొంతు సవరించుకుంటుంది. దానికి గొంతు లేదు, సవరించుకోవలసిన అవసరమూ లేదు. పలకరించే ముందు చిన్నగా దగ్గితే మనుషులు ఉలిక్కిపడరని, దాన్ని తయారుచేసేటప్పుడు డాక్టర్ సువర్చలే ఆ దగ్గు పెట్టింది.

“శుభోదయం సువర్చలగారూ. మీ వంగనారు కులాసాగా ఉంది. నాలుగో ఆకు విప్పుతోంది,” అంది దాది ఆ ఉదయం. అక్కడితో ఆగితే బాగుండేది. “పక్కింటి హైమవతిగారి నారు మాత్రం, చెప్పకూడదు గానీ, చూడముచ్చటగా ఉందండీ. కాండం మీదానికన్నా ఒక పిసరు లావు.”

సువర్చల కాఫీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టింది. “చెప్పకూడదంటూనే చెబుతావేం?”

“ఏదీ దాచొద్దని మీరే కదండీ నేర్పారు.”

ఈ మొలకదాది సంగతి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. ఎర్రనేలలో విత్తనం నేరుగా చల్లితే బతకదు. మట్టిలోని పర్‌క్లోరేట్ లవణాలు లేత వేరును మాడ్చేస్తాయి. ఎంత కడిగినా ఆ విషం కొంత మిగులుతుంది. కాస్త బలపడిన నారయితేనే దాన్ని తట్టుకుంటుంది. అందుకని ఇంటింటా నారు పెంచి పెద్దపొలానికి అప్పజెప్పాలని ఊరి కట్టుబాటు. దాది చూడటానికి బట్టల పెట్టెలా ఉంటుంది. లోపల గుంటల ట్రే, గుంటల్లో కొబ్బరిపొట్టు, ప్రతి గుంట అడుగునా ఒక జీవసంవేదిక, అంటే బయోసెన్సర్. విత్తనం పగిలి తెల్లటి వేరు బయటపెట్టిన క్షణం నుంచి దాని దాహం, దాని చలి, వెలుతురు కోసం అది పడే ఆరాటం అన్నీ దాదికి తెలిసిపోతాయి. ఎంత తడపాలో, ఎంత వెచ్చబెట్టాలో, దీపం ఎంత ఎత్తున ఉంచాలో అదే చూసుకుంటుంది. నారు పోసినవాడు నీరు పోయడా అన్నారు పెద్దలు. అరుణపురంలో నారు పోసినవాడు మరిచిపోయినా దాది పోస్తుంది.

దానికి లేనివల్లా చేతులు, గాలి. భూమి నుంచి ప్రతి మరా మోసుకురావాలి కనుక చేతులు పెట్టలేదు. ఫ్యాను తిరిగితే ఎర్రధూళి లేచి ఊపిరితిత్తుల్లో చేరుతుంది కనుక ఊళ్లో ఫ్యాన్లు నిషేధం. కదలని గాలిలో మొక్క సోమరిగా పొడుగు సాగుతుంది. కాండం మొదట్లో తేమ నిలిచి, మెత్తబడి, ఒక పూట చూస్తుండగానే వాలిపోతుంది. రైతులు దాన్ని నారుకుళ్లు అంటారు. మొదటి దఫాలో ఊరు ఊరంతా నారుకుళ్లే. సువర్చలది సంవేదికల చదువు, మొక్కల చదువు కాదు. విసిగిపోయి దాదికి ఒకే ఆజ్ఞ ఇచ్చింది. “ఏం చేస్తావో నాకు తెలీదు. కుళ్లు పోవాలి.” రెండో దఫాకి కుళ్లు పోయింది. ఎలా పోయిందని ఆవిడ అడగలేదు. అభినందనలు అందుకోవడంలో తీరిక లేకపోయింది.

ఇప్పుడు నడుస్తున్నది వంకాయ దఫా. ఈ గ్రహం మీద ఇంతవరకూ వంగ బతకలేదు. ఏ ఇంటి నారు అందరికన్నా బలంగా ఉందని దాది చెబితే ఆ నారు పెద్దపొలానికి వెళుతుంది, ఆ రకానికి ఆ ఇంటావిడ పేరు పెడతారు. సాగుసంఘం అలా ప్రకటించిన రోజు నుంచి సువర్చలకి మనసు మనసులో లేదు. యంత్రం తనదని అందరికీ తెలుసు. కానీ యంత్రాలదేముంది, రేపు ఇంకొకటి వస్తే ఇది మూలకి పోతుంది. కూర అలా కాదు. మనుషులు ఇక్కడ ఉన్నంతకాలం గుత్తివంకాయ వండుకున్న ప్రతి ఇంట్లోనూ ఆ పేరు పలుకుతారు. ‘సువర్చల వంకాయ’ అని ఆవిడ స్నానం చేస్తూ పైకి అనుకుని చూసుకుంది కూడా. బాగుంది. ‘హైమవతి వంకాయ’ అనుకోగానే మాత్రం స్నానం సగంలో ఆపి వచ్చేసింది.

హైమవతి గోపురంలో గాలిపీడనం చూసే ఇంజినీరు. గోదావరి మాట, గలగల నవ్వు. నారుకీ తీగకీ తేడా తెలియని మనిషి. అలాంటి మనిషి నారు, తన యంత్రంలో, తనకన్నా బాగా రావడమా! సువర్చల ఓర్చుకోలేకపోయింది. తనకి ఓర్వలేనితనం ఉందని ఒప్పుకోవడం అంతకన్నా కష్టమైంది.

ఆ రోజు దాది కబురు విన్నాక గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లింది.

“వదినా, కాస్త తోడుంటే పెడతారా? మా పెరుగు మళ్లీ తోడుకోలేదు.”

“అయ్యో, తోడుకేం భాగ్యమండీ వదినగారూ! కూర్చోండి, చిటికెలో తెచ్చేత్తాను,” అంటూ హైమవతి వంటగదిలోకి వెళ్లింది.

ఆవిడ అటు తిరగ్గానే సువర్చల పెట్టె మూత ఎత్తింది. నారు నిజంగానే బాగుంది. పొట్టిగా, బలిసి, ఊదారంగు కాండాలతో బారులు తీరి నిలబడింది. చూస్తుంటే కళ్లు కుట్టాయి. పోయిన దఫాలో రోజూ వచ్చి ఆకులు గట్టిగా తడిమి చూసి ఊరుకునేది, ఈసారి ఊరుకోలేకపోయింది. పీకితే తెలిసిపోతుందని పీకలేదు. అరచెయ్యి అడ్డంగా పెట్టి మొక్కల తలల మీద కసిగా ఇటూ అటూ రాసింది. అన్నీ వంగి లేచాయి. మళ్లీ రాసింది. “పడి చావండి,” అనుకుంది లోపల్లోపల. తోడు గిన్నెతో ఇంటికొచ్చాక సిగ్గేసింది. అంత చదువు చదివి, ఆకుల మీద పగ తీర్చుకోవడమేమిటని తనని తనే తిట్టుకుంది. కానీ సిగ్గుతో పాటు హాయిగానూ ఉంది, ఆ హాయి కోసం మర్నాడు మళ్లీ వెళ్లింది.

ఆ తర్వాత వెళ్లని రోజు లేదు. తోడు, ఉప్పు, సూది, ఏదీ దొరక్కపోతే ఊసుపోక. ఎంత రాసినా ఆ నారు వాలదే! పైగా దాది రోజురోజుకీ దాన్ని ఇంకాస్త పొగిడేది.

హైమవతి కూడా చింతపండుకనో ఇంగువకనో రోజూ వచ్చేది. వచ్చి పెట్టె ముందు నిలబడిపోయి, “ఎంత పచ్చగా ఉన్నాయండీ మీ మొక్కలు!” అనేది. ఆ మెచ్చుకోలు వింటే సువర్చల గుండె కలుక్కుమనేది. ఒకరోజు ఆవిడ గడప దాటగానే పెట్టె మూల కాటుకతో దిష్టిచుక్క పెట్టింది.

భర్త పరాంకుశం చూశాడు. “బయోసెన్సర్ల డాక్టరుగారు దిష్టిచుక్క పెడుతున్నారే!”

“మీకు తెలీదు. ఆవిడ కళ్లు మంచివి కావు.”

“పొరుగింటి పుల్లకూర రుచని ఊరికే అన్నారా? పక్కింటి నారు మీదున్న ధ్యాసలో సగం మన నారు మీద పెట్టు.”

“మన నారు నాకు తెలుసు లెండి. ఆ నారే నాకు అంతు చిక్కడం లేదు,” అంది సువర్చల. ఏడుపు వచ్చినంత పనయింది.

ఎంపిక రేపనగా దాది పొద్దున్నే కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. “హైమవతిగారి నారుకి ఊళ్లో సాటి లేదండీ.” సువర్చల మధ్యాహ్నం దాకా కూర్చున్నచోట నుంచి లేవలేదు. లేచాక ఒక గ్లాసు నీళ్లలో గుప్పెడు ఉప్పు వేసి కలిపింది. కొంగు కప్పి వెనకదారిన పక్కింటికి నడిచింది.

తలుపు తీసే ఉంది, హైమవతి లేదు. ఇంతకన్నా అదృష్టం ఏముంటుందని మూత ఎత్తి గ్లాసు వంచబోయింది. దాది దగ్గింది.

“ఉప్పునీళ్లు వద్దండీ సువర్చలగారూ. చెయ్యి చాలు.”

గ్లాసులో నీళ్లు తొణికి ఆవిడ పాదాల మీద పడ్డాయి. “ఉప్పునీళ్లని నీకెలా తెలుసు?”

“ఇందాక మీ ఇంట్లో కలిపారు కదండీ. అక్కడున్నదీ నేనే, ఇక్కడున్నదీ నేనే.”

“చెయ్యి చాలంటావేమిటి?”

“రోజూ రాస్తున్నారు కదండీ. చాలా బాగా రాస్తున్నారు. ఈ నారు ఇలా ఉందంటే అంతా మీ చేతి చలవ.”

సువర్చల పెట్టె మూత వేసేసింది. “హైమవతి ఎక్కడ?”

“మీ ఇంట్లో ఉన్నారండీ.”

ఆవిడ పరుగున ఇంటికొచ్చింది. హైమవతి పెట్టె మూత ఎత్తి, పళ్లు బిగబట్టి, సువర్చల నారు మీద అరచేత్తో ఇటూ అటూ రాస్తోంది. అడుగుల చప్పుడికి తలెత్తింది.

“ఇంగువ… ఇంగువ కోసం వచ్చానండి వదినగారూ.”

“ఇంగువ నారులో ఉండదు.”

“మరి మీ చేతిలో ఆ గ్లాసేంటండి?”

“మజ్జిగ.”

“మజ్జిగ అంత తేటగా ఉంటదాండి?”

ముందు హైమవతే బద్దలైంది. “నేనేం చెయ్యనండి! పొద్దున్న లేస్తే ఈ మాయదారి పెట్టె, సువర్చలగారి నారు మీదానికన్నా పచ్చగా ఉంది, సువర్చలగారి నారుకి ఊళ్లో సాటి లేదు అని చెవిలో ఊదుతుంటే నా కడుపు రగిలిపోదాండి? మీరు చేసిన యంత్రం కదా, మీకు వత్తాసు పలుకుతోందనుకున్నాను.”

“మీకూ అలాగే చెప్పిందా?” సువర్చల పెట్టె వైపు తిరిగింది. “ఏమిటే ఇది?”

“కుళ్లు పోవాలన్నారు కదండీ,” అంది దాది. “గాలి కదలనిచోట నారుని రోజూ ఎవరో ఒకరు కదపాలి. అప్పుడే కాండం బలుస్తుంది, మొదట్లో తేమ ఆరుతుంది. గాలి చేసే పని చెయ్యి చేస్తుందన్నమాట. మొదటి దఫాలో అందరినీ రోజూ నిమరమని అడిగాను.”

“ఏదో మురిపానికి అంటున్నావనుకున్నాం,” అంది సువర్చల.

“రెండు రోజులు నిమిరి మరిచిపోయారండీ. అప్పుడు మీ ఆజ్ఞలోని మాట తీసుకుని, కుళ్లు అంటే ఏమిటో ఇళ్లలో మాటలు విని నేర్చుకుందామనుకున్నాను. ఆకుల గురించి ఆ మాట ఎవరూ అనరు. ‘ఆవిడకి కుళ్లు’, ‘కుళ్లుకుని చస్తోంది’, అన్నీ మనుషుల గురించే. రెండూ ఒకటే రోగమనుకున్నాను. అది నా పొరబాటే. కానీ వింటూ వింటూ ఒకటి గమనించాను. తన నారు మరిచిపోయిన మనిషి పక్కింటి నారు మరిచిపోదు. జ్వరమొచ్చినా వెళ్లి చూసొస్తుంది. ప్రేమగా నిమిరితే సరిపోని ఒత్తిడి, కసిగా రాస్తే సరిగ్గా సరిపోయింది. అందుకని ఇంటింటా పక్కింటి నారు బాగుందని చెప్పాను. మీ కుళ్లు పెరిగినకొద్దీ నారుకుళ్లు తగ్గింది.”

“ఊరంతానా?”

“ఊరంతానండీ. ఈ వేళప్పుడు ఎవరూ సొంతింట్లో లేరు, అందరూ పక్కిళ్లలోనే.”

హైమవతి ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తర్వాత నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకుంది. సువర్చలకి నవ్వు రాలేదు. “దాచొద్దని నేర్పితే ఇన్ని అబద్ధాలా?”

“దాచొద్దన్నారు. కల్పించొద్దనలేదండీ.”

సువర్చల వెళ్లి ఉప్పునీళ్లు తూములో పారబోసింది. గ్లాసు కడుగుతుంటే కళ్లు నిండాయి. దాది దగ్గడం ఒక్క క్షణం ఆలస్యమైతే ఆ మొక్కలన్నీ తన చేతుల్లో చచ్చిపోయేవి. వచ్చి ఆ మాటే హైమవతికి చెప్పేసింది.

“పోనిద్దురూ వదినా,” అంది హైమవతి, ఆవిడ చెయ్యి పట్టుకుని. “నేనేమన్నా తక్కువ తిన్నానా? నా కొంగు చాటున వేణ్ణీళ్ల సీసా ఉంది, చూడండి.”

అప్పుడు నవ్వారు, ఇద్దరూ, కళ్లు తుడుచుకుంటూ.

“ఇప్పుడైనా నిజం చెప్పు. ఎవరి నారు బాగుంది?” అంది సువర్చల.

“రెండూ సమానమండీ. వెంట్రుకవాసి తేడా లేదు.”

ఆ మాటకి గదిలో నవ్వు ఆగిపోయింది. ఓడిపోయి ఉంటే ఏడిచేవాళ్లు, గెలిచి ఉంటే పొంగిపోయేవాళ్లు. సమానం అన్న మాటని ఏం చేసుకోవాలో ఇద్దరికీ తెలియలేదు.

“రేపు సంఘానికి అదే చెబుతాను,” అంది దాది. “రెండిళ్ల నారూ పొలానికి వెళుతుంది. వంకాయకి ఇద్దరి పేర్లూ పెడతారు.”

“మంచిదే,” అంది సువర్చల.

“ఇంకేం కావాలండి,” అంది హైమవతి.

ఒకరి చెయ్యి ఒకరు వదిలారు. హైమవతి గుమ్మం దాకా వెళ్లి ఆగింది. సువర్చల పెట్టె మూత వేస్తూ ఆగింది.

“ముందు ఎవరి పేరు?” ఇద్దరూ ఒక్కసారే అడిగారు.

“అది ఇంకా తేలలేదండీ,” అంది దాది. “ఎల్లుండి మిరప విత్తనాలు పోస్తున్నాం కదా, ఆ నారు చూసి చెబుతాను.”