ఆకుపచ్చ గోళ్లు

"ఇదే ఆఖరి మిషన్," అన్నాడు చీఫ్. కిందటిసారీ ఇదే మాట అన్నాడు. ఏజెంట్ కాకి ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పడానికీ ఓపిక ఉండాలి.

విదేశీ ముఠా రహస్య కోడ్‌ను ఛేదించిన ముసలి లెక్కల మాస్టారిని, సాయంత్రం గేటు మూసేలోగా సరిహద్దు దాటించాలి. ముఠాకు చిక్కితే ఆయన ప్రాణాలు దక్కవు. పైకి వేసే వేషం: కుటుంబం. మాస్టారు తండ్రి, కాకి కొడుకు, ఏజెంట్ మల్లె కోడలు. కారెక్కాక చుట్టూ ఎవరూ లేకపోయినా వరసలు తప్పకూడదు. అది డిపార్ట్‌మెంట్ రూల్.

కొండదారి సగం ఎక్కేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. కాకి కారాపాడు.

"ఏమండీ, ఇక్కడే ఉందాం. ఎవరో ఒకరు వస్తారు," అంది మల్లె, పట్టు స్కార్ఫ్ సర్దుకుంటూ.

"వస్తారనే నా భయం."

"రేడియేటర్ మూత తీసి చూడొచ్చుగా?"

"వేడి మీద తీస్తే మొహం ఉడికిపోతుంది."

ఇంజన్ చల్లారే దాకా కాకి నడుం పట్టుకుని నిలబడ్డాడు. కింద మలుపుల్లో ఒక నల్ల జీపు పైకి వస్తోంది.

కొత్త కార్లు కొనని ఆఫీసు అది. పాత బండ్లు ఎక్కడ కారుతున్నాయో తెలియాలి కాబట్టి గ్యారేజీ తాత ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ నీళ్లలో ఒక రంగు కలుపుతాడు. కంటికి కనబడని సిరాను చదివే టార్చి వేస్తే అది మెరుస్తుంది. ఈ సంగతి తాతకీ కాకికీ తప్ప ఎవరికీ పట్టలేదు.

కాకి వెలుతురు పడకుండా ఇంజన్ మీద రెయిన్‌కోటు కప్పి, తల లోపల పెట్టి టార్చి వేశాడు. రేడియేటర్ కింది గొట్టం చివర ఆకుపచ్చటి చుక్కలు. గొట్టం చిరగలేదు. దాన్ని బిగించే క్లిప్పు వదులైంది. స్క్రూ మీద కొత్త గీతలు.

"ఏమే, కాస్త ఈ టార్చి పట్టుకో."

మల్లె కోటు కిందికి వంగి టార్చి అందుకుంది. స్క్రూడ్రైవర్‌తో క్లిప్పు బిగిస్తున్న కాకి ఆగాడు. ఆమె గోళ్ల సందులు ఆకుపచ్చగా మెరుస్తున్నాయి.

"పొద్దున పెట్రోలు బంకులో నేను లోపలికి వెళ్లినప్పుడేనా క్లిప్పు వదులు చేశావు?"

"ఏమండీ..." అంది మల్లె. దొరికిపోయినా వరస మాత్రం తప్పలేదు. మరుక్షణం టార్చి కింద పడేసి, వెనక సీట్లోని హ్యాండ్‌బ్యాగ్ కోసం దూకింది.

"బ్యాగా, కోడలా?" అన్నాడు మాస్టారు. "నడుం కింద పెట్టుకుందామంటే ఏదో గట్టిది గుచ్చుకుంది. లోయలో పడేశా."

కాకి ఆమె చేతులకు సంకెళ్లు వేసి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. క్లిప్పు పూర్తిగా బిగించాడు. మందపాటి గుడ్డతో మూత మెల్లగా తిప్పాడు. బుస్సుమంది. ఇంజన్ స్టార్ట్ చేసి, మాస్టారు తాగే నీళ్లన్నీ కొంచెం కొంచెంగా పోశాడు. టార్చి వేసి చూశాడు. కొత్త చుక్క లేదు. జీపు హారన్ వెనక మలుపులోనే వినబడింది.

"మళ్లీ ముల్లు లేస్తే?" అన్నాడు మాస్టారు.

"లేస్తే దిగి తోద్దాం, నాన్నా."

ముల్లు లేవలేదు. సరిహద్దులో కిందికి దిగుతున్న గేటు కడ్డీ కారు టాపును గీరింది. వెనక జీపు కడ్డీ అవతలే ఆగిపోయింది.

కాపలావాడు కిటికీలోకి వంగాడు. "కుటుంబమా?"

కాకి మల్లె స్కార్ఫ్‌ను సంకెళ్ల మీదికి లాగాడు.

"అవునండీ. ఆ జీపులో ఆవిడ పుట్టింటివాళ్లు సాగనంపడానికి వచ్చారు."