వార్డు అప్పగింత

ఆ పాత మిలటరీ ఆసుపత్రి ఇప్పుడు రికార్డుల ఆఫీసు. పన్నెండేళ్ళుగా అక్కడ ఉద్యోగం చేస్తున్నది నేను. కాగితాలకు చెదలు వదిలించింది నేను. ఏ యుద్ధంలో ఏ వార్డు కట్టారో నిద్రలో లేపి అడిగినా చెప్పేది నేను. తీరా ఆసుపత్రి చరిత్రను పుస్తకంగా రాయమని మా ఆఫీసు కమిటీవాళ్ళు పిలిచింది మాత్రం మా అక్కని! అక్క కాలేజీలో చరిత్ర చెబుతుంది. మాట మెత్తన, నవ్వు తియ్యన. చిన్నప్పటి నుంచీ చుట్టాలందరూ ముందు దాన్నే దగ్గరికి తీసుకునేవాళ్ళు. నా కడుపు మండిపోయింది. ఒప్పుకోడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఒక సాయంత్రం అయిదింటికి, అక్క వచ్చి చూస్తానన్న నర్సుల డ్యూటీ రిజిస్టరు తీసుకుని పాత వార్డు హాల్లో కూర్చున్నాను. బయట ముసురు. లోపల తడిసిన సున్నం వాసన. ఆ రోజుల్లో డ్యూటీ దిగే నర్సు రోగుల్ని అప్పగించి సంతకం పెట్టేది. ఎక్కే నర్సు వాళ్ళని తీసుకున్నట్టు పక్క గడిలో సంతకం పెట్టేది. అప్పటిదాకా మొదటామె రోగుల్ని వదిలి కదలకూడదు. ఆసుపత్రి మూతపడిన రోజు పేజీలో ‘అప్పగించాను’ అని సంతకం ఉంది. పక్క గడి ఖాళీ. ఆ మంచాలవాళ్ళు ఏమయ్యారో ఎక్కడా రాసి లేదు.

ఆ పేజీ ఫొటో పుస్తకంలో వేస్తానని అక్క ముందే చెప్పింది. నాకు దుర్బుద్ధి పుట్టింది. దాని పుస్తకంలో నా పేరూ ఉండి తీరాలి! ఖాళీ గడిలో నా సంతకం గీకేశాను.

గుప్పున స్పిరిటు వాసన...

“వచ్చావా తల్లీ...” చెవి పక్కనే ఎవరో ఆడమనిషి నిట్టూర్చింది. “తొమ్మిదో మంచం అతను నీళ్ళడుగుతాడు. ఇవ్వకు.”

అడుగుల చప్పుడు తలుపు దాటి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎవరో దగ్గారు. ఇంకో మూల ఇంకొకరు... హాల్లో ఒక్క మంచం లేదు. అయినా స్ప్రింగులు కిర్రుమన్నాయి.

“సిస్టర్... నీళ్ళు...”

పరిగెత్తాను. తలుపు తెరిచే ఉంది. నా కాలు మాత్రం గడప దాటలేదు. వాళ్ళని వదిలి కదలకూడదు కదా!

వెనక్కి వచ్చి రిజిస్టరు కింది వరుసలో ‘అప్పగించాను’ అని రాసి సంతకం పెట్టాను. అంతలో గొడుగు దులుపుకుంటూ అక్క వచ్చింది. “ఏమిటే ఆ మొహం? జ్వరమా?”

పారిపొమ్మని చెప్పొచ్చు. చెప్పలేదు. రిజిస్టరు చాపాను. “అక్కా, ఈ గడిలో ఒక్క సంతకం పెట్టవూ.”

నేనేది అడిగినా అక్క కాదనదు. పెట్టేసింది. దగ్గులు ఆగిపోయాయి. నా కాలు గడప దాటింది. విచిత్రంగా అక్క కూడా దాటింది. బతికిపోయాం అనుకున్నాను.

వీధిలో సగం దూరం వచ్చాక అక్క వెనక్కి తిరిగింది. “తొందరేం లేదు నాయనా... మెల్లిగా నడవండి. కుట్లు ఊడతాయి.”

వెనక వీధంతా ఖాళీ. అంత భయంలోనూ లోపల ఏదో చుర్రుమంది. పన్నెండేళ్ళు వాళ్ళ కాగితాలు కాపాడింది నేను. ఇలా చూసీ చూడగానే వాళ్ళు కూడా దాని వెంటే నడిచారు!

ఇంటి దగ్గర అక్క గేటు తీసి పక్కకి జరిగింది. నేను లోపలికి పరిగెత్తి కిటికీలోంచి చూశాను. ఎంతసేపటికీ తను గేటు మూయలేదు. మధ్యలో ఒకసారి వంగి ఎవరికో ఆసరా ఇచ్చింది. ఆ బరువుకి తన భుజం ఒకవైపు కుంగింది.