ఓరగా వేసిన తలుపు

గ్రిజెల్ దొరసాని పొయ్యి దగ్గర కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది. దారం కొస పక్కకు పోతోంది. బయట మంచు కురుస్తోంది. చలికాలంలో ఆ కొండల్లో మధ్యాహ్నం తిన్నది అరగకముందే చీకటి పడుతుంది. పొయ్యిలో కట్టెలకు బదులు, బురదనేలలో తవ్వి ఎండబెట్టిన మట్టిగడ్డలు కాలుతూ ఇల్లంతా చేదు పొగ వాసన.

"ఇలా తే తల్లీ, నేనెక్కిస్తా" అంది ముసలి దాది మారియట్.

"వద్దు. నా బిడ్డ. నేనే కుడతాను."

బల్ల మీద కొడుకు గావిన్ ఉన్నాడు. రాజధాని నుంచి బండిలో తల వేరుగా, మొండెం వేరుగా వచ్చాడు. అలా పూడ్చిపెట్టడానికి తల్లికి మనసొప్పలేదు.

కుట్టింది. పెళ్లి చొక్కాకి వేసేటంత సన్నటి కుట్లు. కుట్లు కనబడకుండా మెడకు తెల్లగుడ్డ చుట్టింది. మారియట్ ఆచారం ప్రకారం ఛాతీ మీద ఉప్పు పళ్లెం పెట్టింది.

గావిన్ వైభవమంతా మూడేళ్లు. వేటలో రాజుగారి గుర్రం బెదిరితే పట్టి ఆపాడు. ఆ సాయంత్రమే రాజు పక్కన కూర్చుని భోంచేశాడు. తర్వాత ఒక కోట వచ్చింది, పదవి వచ్చింది. తాతలనాటి ప్రభువులు కూడా ముందు గావిన్‌కి తల వంచి, ఆ తర్వాతే రాజు గదిలోకి వెళ్లేవారు. ఇంటికొచ్చినా వాడి చూపు గుమ్మం మీదే ఉండేది, రాజుగారి కబురొస్తుందేమోనని.

తర్వాత ఎవరో రాజు చెవిలో ఊదారు, వీడు శత్రువులైన ఇంగ్లండువాళ్లతో చేతులు కలిపాడని. ఎవరన్నది ఎవరికీ తెలియదు. గావిన్ తల తీసిన రోజు రాజు వేటకు వెళ్లాడు.

ఇవాళ అదే రాజు దగ్గరనుంచి మనిషి వచ్చాడు. సిమ్ అని, కొలువులో కొత్తగా చేరినవాడు, గావిన్ మొహం ఎరగనివాడు. శవమున్న ఇల్లని లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"రాజుగారికి కోపం చల్లారింది దొరసానీ. మీ అమ్మాయి ఎలిసన్‌ని రాణిగారి కొలువులోకి పంపమన్నారు. మీ వంశం మళ్లీ నిలబడుతుంది. ఇంటిపెద్ద మాటిస్తే చాలు. ఇచ్చాక మాత్రం వెనక్కి తీసుకోడానికి లేదు." చేతులు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకున్నాడు. "ఇదేం చలండీ బాబూ! నా గుర్రం దారి పొడుగునా నన్ను తిట్టుకుంటూనే వచ్చింది."

గుర్రపుశాలలో పడుకుంటానని వెళ్లిపోయాడు.

"నేను వెళ్తానమ్మా" అంది ఎలిసన్. పదిహేడేళ్ల పిల్ల. "ఇక్కడ నాతో మాట్లాడేదెవరు, మేకలు తప్ప?"

"మేకలు తలలు నరకవులే" అంది మారియట్.

ఇద్దరూ పాలు పితకడానికి లేచారు. వెళ్తూ వెళ్తూ ముసలామె ఆగింది. "తలుపు జాగ్రత్త తల్లీ. శవమున్న ఇంట్లో తీస్తే బార్లా తియ్యాలి, వేస్తే గట్టిగా వెయ్యాలి. ఓరగా వదిలితే పోయినవాడు అటూ పోలేడు, ఇటూ ఉండలేడు. మాట్లాడతాడు."

గ్రిజెల్‌కి తెలుసు. చిన్నప్పటినుంచీ విన్నదే.

వాళ్ల అడుగుల చప్పుడు దూరమయ్యాక లేచి, తలుపు ఓరగా వేసింది.

సన్నటి గాలి లోపలికొచ్చింది. దీపం నీలంగా మారింది. పొగ వాసన పోయి, వానకు తడిసిన ఇనుము వాసన... పళ్లెంలో ఉప్పు కొంచెం జారింది. గాలే అనుకుంది. మళ్లీ జారింది. ఛాతీ లేచినట్టు... దిగినట్టు...

"అమ్మా..."

కుట్ల సందుల్లోంచి గాలి పోతున్న చప్పుడు.

"నాన్నా, నిన్ను పట్టించిందెవరు? చెల్లిని పంపనా? వద్దా? చెప్పు."

"గుర్రం సకిలించింది... రాజుగారి గుర్రమే. నాకోసం కబురొచ్చిందా?"

తల్లి బల్ల మీదికి వంగింది.

"నీకోసం కాదు నాన్నా. చెల్లి కోసం."

ఉప్పు జారుతూనే ఉంది.

"పంపించమ్మా... ఆయన నవ్వితే... ఎంత బాగుంటుందో."

"నిన్ను చంపించాడురా!"

"ఆ రోజు వేటకెళ్లారటగా... జింక దొరికిందా?"

కళ్లు తెరుచుకున్నాయి. అమ్మను చూడలేదు. గుమ్మం వైపు చూస్తున్నాయి. వేళ్లు బల్ల అంచును పట్టుకున్నాయి. లేవబోతున్నాడు...

ఒక్క ఉరుకున వెళ్లి తలుపు దభీమని మూసింది. గడియ వేసింది.

తిరిగి చూస్తే, పడుకునే ఉన్నాడు. కళ్లు మూసి ఉన్నాయి.

పాలచెంబుతో వచ్చిన మారియట్ అంతా విని పాలిపోయింది. "అలాగే మూసేశావా? ముందు బార్లా తెరవాలి కదమ్మా... పోనివ్వాలి కదా. అప్పుడు కదా ముయ్యాలి! ఇప్పుడు వాడు పోలేక ఇక్కడే తిరుగుతాడు."



ఇద్దరూ కలిసి తలుపు బార్లా తెరిచారు. మంచు తప్ప ఏదీ కదల్లేదు.

తెల్లవారాక గ్రిజెల్ గుర్రపుశాలకు వెళ్లింది. "నా కూతుర్ని పంపను. రాజుగారికి అదే చెప్పు."

జీను బిగిస్తున్న సిమ్ తెల్లబోయాడు. "అదేంటి దొరసానీ? రాత్రి మీ అబ్బాయి వచ్చి మాటిచ్చేశారుగా! పాపం, జలుబంట, మెడకు గుడ్డ చుట్టుకున్నారు. గొంతు బొత్తిగా లేదు. అయినా రాజుగారి గురించి ఎన్ని అడిగారో!"

"నాకు ఇంకో కొడుకు లేడు."

సిమ్ చేతిలోని పట్టీ జారిపోయింది. నెమ్మదిగా తల తిప్పి వాకిట్లోకి చూశాడు. ఆమె కూడా చూసింది.

ఎలిసన్ అప్పుడే ఇంటి గుర్రమెక్కి కూర్చుంది. ఎవరు ఎక్కించారో. పక్కకు వంగి, ఎవరూ లేని చోటికి చెవి ఒగ్గి, బుద్ధిగా తల ఊపుతోంది. అన్న పోయాక మొదటిసారి దాని మొహంలో నవ్వు.

"ఎలిసన్! దిగు! దిగవే!"

ఆ పిల్ల ఇటు తిరగలేదు. చెయ్యి మాత్రం ఎత్తి వారించింది.

"ఉండమ్మా... విననీ."