గోడమీది సర్టిఫికెట్

డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చినాయన కుర్చీ అంచునే కూర్చున్నాడు. పట్టుమని నిమిషం కుదురుగా లేడు.

"మా పాపకి ఫిట్సండీ. కొత్త డాక్టరిచ్చిన మందు వేసినప్పట్నుంచీ మత్తుగా పడుంటోంది. నిన్న పెద్దాసుపత్రిలో చేర్చాం. డోసు ఎక్కువైందన్నారు. ఆయన పిల్లల స్పెషలిస్టేనని మెడికల్ బోర్డు లిస్టులో నేనే చూశాను. పేరుంది, నంబరుంది. మా ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసింది."

"మందు రాసేముందు పాపని తూచారా?" అంది డిటెక్టివ్.

ఆయన లేదన్నాడు.

అరగంటలో ఆమె, అసిస్టెంటు క్లినిక్‌లో ఉన్నారు. పిల్లల్ని తూచే మిషన్‌మీద అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. గోడమీది సర్టిఫికెట్ అడుగుభాగాన్ని వెడల్పాటి చెక్కపట్టీ కప్పేసింది. డాక్టరుకు నలభై ఏళ్లుండవు. ఆయన నోరు తెరిచేలోగా మేనేజరు అందుకున్నాడు.

"బోర్డుకి నేనే ఫోన్ చేసి కనుక్కున్నానండీ. ఈ వ్యవహారాలు నాకు కొత్తా? మా మామగారూ పిల్లల డాక్టరే. పక్షవాతమొచ్చి ఇంట్లో ఉన్నారు."

బయటికొచ్చాక అసిస్టెంటు నిట్టూర్చాడు. "పేరూ నంబరూ అన్నీ సరిపోయాయి కదా మేడమ్?"

"కాగితం సరిపోయింది. మనిషి సరిపోవద్దూ?" అంటూ ఆమె బోర్డుకు ఫోన్ చేసి ఒక్క ప్రశ్నే అడిగింది. తర్వాత మేనేజరు ఇంటికి వెళ్లింది.

సాయంత్రం పాప తండ్రిని కూడా పిలిపించి, క్లినిక్ తలుపులు మూయించి, అందర్నీ కూర్చోబెట్టింది.

"పిల్లలకి మందు బరువునిబట్టి రాస్తారు. తూకం మిషన్ని అటకలా వాడుకునే పిల్లల డాక్టర్ని నేను చూడలేదు. ఈ నంబరు ఇచ్చి ముప్ఫయ్యొక్కేళ్లయిందని బోర్డువాళ్లు చెప్పారు. అప్పటికి ఈయన పలక పట్టుకుని తిరుగుతుండాలి. ఆ సంవత్సరం కనబడకూడదనే చెక్కపట్టీ. నంబరు ఎవరిదో ఇందాక మంచంమీద చూసొచ్చాను. మేనేజరుగారూ, మామగారి పేరూ సర్టిఫికెట్టూ తెచ్చి ఈయనకి తగిలించారు. లిస్టులో ఆయన పేరింకా ఉంది కాబట్టి ఎవరు వెతికినా దొరికేది."

డాక్టరు ముఖం చేతుల్లో దాచుకున్నాడు. "మందుల షాపులో పనిచేసేవాణ్ణండీ. మందుల పేర్లన్నీ నోటికొచ్చు, అది చాలన్నారీ మేనేజరుగారు."

తండ్రి చటుక్కున లేచాడు. కొడతాడేమోనని అసిస్టెంటు అడ్డువెళ్లాడు.

"ఇదే మందు ఇంకెంతమందికి రాశావ్?" అన్నాడు తండ్రి.

"పదకొండుమందికి."

డిటెక్టివ్ పోలీసులకు ఫోన్ కలుపుతుంటే, తండ్రి పేషెంట్ల రిజిస్టరు లాక్కుని మొదటి నంబరు నొక్కాడు. అవతల ఎవరో పలికారు.

"అమ్మా, నన్ను మీరెరగరు. బాబుకి ఆ మందు ఇంక వెయ్యకండి. పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి... వాడు మేలుకునే ఉన్నాడా? లేపి చూడమ్మా. నేను లైన్లోనే ఉంటాను."