అంచు తెగిన ఇరవై తెంగెలు

"ఇది దొంగది తాతా," అంది ఉల్జాన్, నాణేన్ని అటూ ఇటూ తిప్పకుండానే. "ఎవరో ఆకురాయితో అరగదీశారు. స్కూల్లో టీచర్ మాకు ఇలాంటివే చూపించారు."

ఈ పిల్లకి నోరు ముందు, చూపు తర్వాత.

అది వాళ్ళ దేశపు డబ్బు, ఇరవై తెంగెల నాణెం. ఒక పక్క బిస్కెట్ కొరికినట్టు గుండ్రంగా తెగి ఉంటుంది. నానమ్మ రొట్టెలు కొంటే చిల్లరలో వచ్చింది. టంకశాలలోనే పొరపాటున అలా తయారైందని ఆమె తెగ మురిసిపోయేది. ఆమె పోయాక తాత దాన్ని చొక్కా జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాడు.

"అలాగా," అన్నాడు తాత. ఆ రోజు ఉల్జాన్ తమ్ముడి తొలి అడుగుల పండుగ. పొద్దున్నుంచీ బల్లలు మోసి మోసి ఆయన నడుం పడిపోయింది. "సర్లేమ్మా. దొంగదైతే నాకెందుకు?"

చాక్లెట్లూ చిల్లరా కలిపి ఉంచిన పళ్ళెంలో దాన్ని పడేశాడు.

కాసేపటికి, ఆచారం ప్రకారం తమ్ముడి కాళ్ళకు కట్టిన దారం కోశారు. వాడు రెండడుగులు వేసి కూలబడ్డాడు. అత్త పళ్ళెంలోవన్నీ వాడి మీద చల్లింది. పిల్లలంతా నేలమీద పడి ఏరుకున్నారు. ఎవరికి దొరికింది వాళ్ళ అదృష్టం, తిరిగి అడగకూడదు.

రెండు షిఫ్టుల పాఠాలు చెప్పి వచ్చిన కుల్పాష్ టీచర్ టీ ముందు సోలిపోయి కూర్చుంది. ఉల్జాన్ వెళ్ళి గొప్పగా సంగతంతా చెప్పింది.

"ఎదురు అంచు చూశావా?" అంది టీచర్. "అరగదీసినదైతే ఎదురు అంచు నిక్షేపంలా ఉంటుంది. ముద్ర పడకముందే తెగిందనుకో, తెగినచోటికి సరిగ్గా ఎదురుగా కూడా అంచు సరిగా లేవదు. ఇది కూడా చెప్పాను. నువ్వప్పుడు పక్కపిల్లతో కబుర్లలో ఉన్నావు."

ఉల్జాన్ ఆ నాణెం కోసం పరుగెత్తింది. బల్లల కిందంతా పాకి వెతికింది. చాక్లెట్ కాగితాలు తప్ప ఏమీ లేవు. మోకాళ్ళు నొప్పెట్టి గోడకి ఆనుకుని కూర్చుంది.

చిన్నాన్న కొడుకు యెర్నార్ మూతి ముడుచుకుని వచ్చాడు. "అక్కా, నాకు పిచ్చి నాణెం దొరికింది. నీ దగ్గరున్న మంచిది ఒకటి ఇస్తావా? ఇది నువ్వు తీసుకో."

ఉల్జాన్ తిప్పి చూసింది. తెగినచోటికి ఎదురుగా అంచు పలచగా, మసగ్గా ఉంది. జేబులో మెరిసే నాణేలు రెండున్నాయి. వాడే అడిగి మరీ ఇస్తున్నాడు. ఒకటి తీసిస్తే చాలు, ఎవరికీ ఏమీ తెలియదు.

"పిచ్చిది కాదురా," అంది చివరికి. "అసలుది. మన నానమ్మది. మార్చుకోకు."

వాణ్ణి చెయ్యి పట్టుకుని తాత దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు గానీ నిద్రపోలేదు.

"తాతా, అది అసలుదే. నేను సరిగ్గా చూడకుండా అనేశాను."

తాత కళ్ళు తెరిచాడు. "మీ నానమ్మ అన్నేళ్ళూ ఉత్తినే మురిసిందేమో అనుకున్నాను," అన్నాడు. "నువ్వలా అన్నప్పట్నుంచీ అదే మనసుని పీకుతోంది."

"నాకు దొరికింది, నాదే," అన్నాడు యెర్నార్, గుప్పిట బిగించి.

"నీదేరా."

"నానమ్మకి ఎలా దొరికింది మరి?"

ఉల్జాన్ చెప్పబోయి నోరు మూసుకుంది. తాత పక్కనే చతికిలబడింది. "నువ్వే చెప్పు తాతా."

తాత మెల్లగా మొదలుపెట్టాడు. ఆ సంగతి ఉల్జాన్ కూడా ఇంతవరకూ పూర్తిగా విననే లేదు.