చీమకు ఎడమ ఎటు?

బడికి కొత్తగా వచ్చిన టీచరమ్మ కంప్యూటర్ పాఠమని చెప్పి పిల్లలచేత చీమలు కాయిస్తోందని పక్కింటి అత్తయ్య అన్నదట. పొద్దున జడ వేస్తూ అమ్మ ఆ మాట చెబితే చిటికె నవ్వింది.

ఏ పనైనా చిటికెలో చేసేస్తుందని ఆ ఏడో తరగతి పిల్లకు ఆ పేరు. అత్తయ్య మాటలో అబద్ధమేమీ లేదు. తెర మీద ఒక బొమ్మ చీమ ఉంటుంది. ముందుకు, ఎడమకు, కుడికి అని వరసగా టైపు చేసి, గోడల సందుల్లోంచి దాన్ని చక్కెర పలుకు దగ్గరికి చేర్చాలి.

ఒక్కో కంప్యూటర్‌కు ఇద్దరు. ఒకరు నోరు, ఒకరు చెయ్యి. నోరు చెప్పాలి, చెయ్యి టైపు చెయ్యాలి. నోరు కీబోర్డు ముట్టుకోకూడదు. అదీ టీచరమ్మ పద్ధతి. ఇద్దరికీ బాగా వచ్చిన జంట శనివారం చిన్న తరగతి పిల్లలకు నేర్పుతుంది. చిటికె ప్రాణమంతా ఆ శనివారం మీదే ఉంది.

ఆ రోజు చిటికె నోరు. చెయ్యి పిన్ని కూతురు, నెలల తేడాతో చెల్లెలు. పెన్సిలు చెక్కడానికే ఆ పిల్లకు ఒక పూట పడుతుంది. అందరూ నిదానం అంటారు. అది ఒక్క అక్షరం వెతికి నొక్కేలోగా చిటికెకు చేతులు దురద పెట్టాయి. టీచరమ్మ అటు తిరగగానే కీబోర్డు లాక్కుంది. ఎడమ కొట్టింది, గోడ తగిలింది. చెరిపి కుడి కొట్టింది, తగల్లేదు. అలా గుడ్డెద్దు చేలో పడ్డట్టు పోయి పోయి చీమను చేర్చేసింది.

టీచరమ్మ వచ్చి ఒక మలుపు మీద వేలు పెట్టింది. ఇక్కడ కుడి అని ఎందుకు పెట్టారని నిదానాన్ని అడిగింది. నిదానం చిటికె వైపు చూసింది. చిటికె నేల వైపు చూసింది.

టీచరమ్మ కోప్పడలేదు. చీమను ఇంకో మూలకు మార్చింది. "భోజన విరామం అయ్యేలోపు నిదానమే దీన్ని చేర్చాలి. లేకపోతే శనివారం వేరే జంట వెళ్తుంది," అంది.

ఇద్దరూ గబగబా తినేసి వచ్చారు. చిటికె అరచేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

నిదానం ఎడమ అని టైపు చేసింది. చీమ గోడకు గుద్దుకుంది. చిటికె నాలుక మీదికి వచ్చిన మాటను మింగేసింది. మింగాక తనకే అనుమానం వచ్చింది. అవును, ఎందుకు గుద్దుకుంది?

"ఎటు పొమ్మన్నావే?"

"నా ఎడమకి."

నిదానం తెరను తేరిపార చూసింది. చీమ మూతి కిందికి ఉంది. లేచి, తెరకు వీపు పెట్టి, చీమలాగే నిలబడింది. ఎడమ చెయ్యి చాపింది. అది తెర కుడివైపుకు పోయింది.

"నా ఎడమ కాదక్కా. దాని ఎడమ."

చిటికె కూడా లేచి పక్కన నిలబడి చూసుకుంది. నిజమే. ఇంతసేపూ ఈ సంగతి తనకూ తెలియదు. మళ్లీ వచ్చి చేతుల మీద కూర్చుంది.

ప్రతి మలుపుకూ నిదానం లేచింది, తిరిగింది, కూర్చుని కొట్టింది. బెల్లు మోగకముందే చీమ చక్కెర ముట్టింది.

టీచరమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. అక్క బాగా నేర్పిందా అని అడిగింది.

"లేదు మేడమ్," అంది నిదానం. "అక్క ఏమీ చెయ్యలేదు. అందుకే నాకు వచ్చింది."